పోసిన చెయ్యి

మా పెద్దమ్మ అంతమ్మకు కూర్చోవడం రాదు. పెళ్లిలో అందరూ బంతిలో కూర్చుంటే ఆమె గరిటె పట్టుకుని తిరుగుతుంది. బస్సులో సీటు దొరికినా పూలగంప పక్కన నిలబడే మెహిదీపట్నం దాకా పోతుంది. చావు జరిగిన ఇంటికి పరామర్శకు వెళ్లినా సరే, ఒక పక్క ఏడుస్తూనే వాళ్ల వాకిలి ఊడ్చి వస్తుంది. "జర కూసో పెద్దమ్మా" అంటే, "కూసుంటే కాళ్లు మొద్దుబారుతయే" అంటుంది. నాకు ఆమె మీద ఎంత ప్రేమో అంత చిరాకు. ఆ చిరాకు కూడా ఆమె దగ్గర నేర్చుకున్నదే అని మా అమ్మ అంటుంది.

మా ఊరు మొయినాబాద్ దాటి చేవెళ్లకు పోయే దారిలో, రోడ్డు దిగి లోపలికి వెళ్లాలి. మా బాపు నాగేందర్‌కు అన్న ఒకాయన ఉండేవాడు, ఆయన భార్యే అంతమ్మ. పెళ్లయిన కొన్నేళ్లకే పొలంలో పిడుగు పడి పోయాడు. పిల్లలు లేరు. పుట్టింటివాళ్లు తీసుకుపోదామని బండి కట్టుకుని వస్తే, "నేనొస్తే నా మడి ఎవరు తడుపుతరు?" అని అడిగి, అన్నం పెట్టి పంపించిందట. అప్పటినుంచి బంతి, చామంతి తోట ఆమెది. వరి, కూరగాయలు అమ్మాబాపులవి. నేనూ నా తమ్ముడు శ్రవణూ పుట్టాక మేమిద్దరం కూడా ఆమె తోట లెక్కలోకే వెళ్లిపోయాం. "కన్నది నేను, పెంచింది మా అక్క" అని అమ్మ నిర్మల ఇప్పటికీ చెప్తుంది. ఆ మాటలో కొంచెం కూడా కోపం ఉండదు.

నేను డిగ్రీ అయ్యి గచ్చిబౌలిలో ఒక కంపెనీలో చేరే నాటికి మా దిక్కు ఊళ్ల రూపమే మారిపోయింది. జొన్న చేలల్లో ప్లాట్ల జెండాలు పాతారు. మామిడి తోటల చుట్టూ గోడలు లేచి ఫాంహౌస్‌లయ్యాయి. శని, ఆదివారాలు వస్తే హైటెక్ సిటీ కార్లన్నీ మా రోడ్డు మీదే. మొయినాబాద్ చుట్టుపక్కల ఎటు చూసినా ఇంజనీరింగ్ కాలేజీ బస్సులు, ఎవరింట్లో చూసినా ఒక ఇంజనీరు తయారవుతున్నాడు. శ్రవణ్ కూడా వాటిల్లో ఒక కాలేజీలో చేరాడు. "మా పిల్లగాడు సాఫ్ట్‌వేరు" అని పెద్దమ్మ బస్సులో ముక్కూముఖం తెలియనివాళ్లకు కూడా చెప్పేది. అప్పటికి వాడు మొదటి సంవత్సరం లెక్కల పరీక్ష తప్పి ఇంట్లో చెప్పలేక తిరుగుతున్నాడు.

ఇక్కడ కల్లు సంగతి చెప్పాలి. మా ఇళ్లలో కల్లు తప్పు కాదు. చుట్టం వస్తే కల్లు, పొలంలో నాట్లు పూర్తయితే కల్లు, దేవతకు మొక్కు తీరితే కల్లు. సాయిలు గౌడ్ ఈతచెట్టు దిగి లొట్టి తెచ్చి అరుగు మీద పెట్టేవాడు. తోటకు నీళ్లు పెట్టి వచ్చాక పెద్దమ్మ మోదుగాకు దొప్పలో ఒకసారి పోసుకుని తాగేది. చిన్నప్పుడు ఆమె ఒళ్లో కూర్చున్న శ్రవణ్ కూడా దానికి మూతి పెట్టేవాడు. ఎవరూ వద్దనలేదు. ఆమె లెక్కలో మందు వేరు, కల్లు వేరు. సీసాలో వచ్చేది మందు. అది తాగేవాడు చెడిపోయినవాడు. చెట్టు నుంచి వచ్చేది తల్లి పాలతో సమానం.

శ్రవణ్ మాత్రం కాలేజీలో సీసాల దాకా వెళ్లాడు. మొదటిసారి పట్టుబడినప్పుడు వాడికి పద్దెనిమిది. గండిపేట కట్ట దగ్గర ఎవడిదో బర్త్‌డే అని క్లాసువాళ్లంతా బీరు సీసాలు ముందేసుకుని కూర్చుంటే పోలీసులొచ్చి అందర్నీ బండెక్కించారు. ఇరవై ఒక్కేళ్లు నిండనివాళ్లు తాగడమే తప్పు, అందులోనూ బజారులో. కోర్టులో జరిమానా కట్టించి వదిలారు. బాపు వాడి చెంపకు ఒకటి పీకి, ఆ సాయంత్రం తను లొట్టి ముందు కూర్చున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నువ్వు తాగుకుంట వాన్నెట్ల కొడ్తవ్ బాపూ?" అని అడిగాను. "నేనేమన్న రోడ్డు మీద తాగుతున్ననా?" అన్నాడు. అది కూడా నిజమే.

రెండోసారి వాడు నాలుగో సంవత్సరం మొదట్లో ఉన్నాడు. స్నేహితుడి ఫాంహౌస్ నుంచి బైక్ మీద వస్తుంటే ఆపి పరికరంలో ఊదమన్నారు. ఊదాడు, గీత దాటింది. ఈసారి జరిమానాతో పోలేదు. ముందు కౌన్సెలింగు, తర్వాత కోర్టు. కౌన్సెలింగుకు ఇంట్లో పెద్దవాళ్లు తప్పకుండా రావాలన్నారు. బాపు సిగ్గుతో మొహం చాటేశాడు. పెద్దమ్మ పూలగంప దించి, ఉతికిన చీర కట్టుకుని వాడితో బయలుదేరింది. నేను ఆఫీసు నుంచి నేరుగా అక్కడికి వెళ్లాను.

అక్కడ తెర మీద యాక్సిడెంటు బొమ్మలు చూపించారు. హాలు నిండా తల్లులూ పెళ్లాలూ కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నారు. పెద్దమ్మ ఒక్కతే వెనక గోడకు ఆనుకుని నిలబడింది. కౌన్సెలింగు సార్ మంచివాడే. "ఇరవై ఒక్క ఏళ్లు నిండని పిల్లలకు మందు అమ్మినా తప్పే, పోసినా తప్పే. ఇంట్ల పెద్దోళ్లు ముందు మీ చేతులు మీరు చూసుకోండి" అన్నాడు. పెద్దమ్మ తల గట్టిగా ఊపింది. బయటికి వచ్చాక, "అమ్మినోన్ని పట్టుకోవాలె బిడ్డా, సారు బరాబర్ చెప్పిండు" అంది. ఆ మాటల్లో తనకు సంబంధించింది ఏమైనా ఉందన్న అనుమానమే ఆమెకు రాలేదు.

కోర్టులో శ్రవణ్‌ను సాయంత్రం కోర్టు లేచేదాకా కూర్చోబెట్టారు. జరిమానా వేశారు. లైసెన్సు ఆరు నెలలు పక్కన పెట్టారు. జడ్జిగారు కళ్లద్దాలు తీసి, "చదువుకుంటున్న పిల్లవాడివని ఇంతటితో వదులుతున్నాను. ఇంకోసారి ఇదే తప్పు మీద నా ముందుకొస్తే జైలుకు పంపుతాను" అని వాడికి అర్థమయ్యేలా చెప్పారు. వాడికి అర్థమైంది. ఆ రోజు నుంచి వాడు మారాడని నేను ఎవరి ముందైనా చెప్తాను. బైక్ మీద టార్పాలిన్ కప్పి కొట్టంలో పెట్టేశాడు. కాలేజీకి బస్సులో వెళ్లాడు. ఫోన్లు వస్తే, "లేదురా, నేను బంద్ చేసిన" అనడం నా చెవులతో విన్నాను.

అదే ఏడు క్యాంపస్ సెలక్షన్లలో ఒక కంపెనీ వాణ్ని తీసుకుంది. వాడు తన కేసుల సంగతి దాచకుండా వాళ్లకు చెప్పాడు. జరిమానాలయితే చూసీ చూడనట్టు పోతామని, జైలు శిక్ష పడ్డవాళ్లను మాత్రం తీసుకోమని హెచ్.ఆర్. అమ్మాయి చెప్పిందట. పరీక్షలు కాగానే చేరాలి. మా ఇంట్లో అందరికీ ఆ ఒక్క మాట కంఠతా వచ్చేసింది. జైలు పడొద్దు. పెద్దమ్మ అయితే పొద్దున లేచి సూర్యుడికి దండం పెట్టుకునేటప్పుడు కూడా అదే చెప్పేది.

ఆమె ఊరికే ఉంటే ఆమె ఎందుకవుతుంది. రెండో కేసు నడుస్తున్నప్పుడే పోచమ్మకు మొక్కుకుందట. పిల్లవాడు కేసులోంచి బయటపడి నౌకరి దొరికితే వాడి చేతులతోనే కల్లు సాక పోయిస్తానని. ఓడ దాటే దాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అనే రకం కాదు ఆమె. ఎండలు ముదిరే ముందు ఒక ఆదివారం పెట్టింది. సాయిలు గౌడ్‌కు రెండు లొట్లు చెప్పింది. ఒకరిద్దరు ఆడవాళ్లు, మొగుడు పోయినామె ముందుండి చేయొచ్చునా అని గొణిగారు. "పోచమ్మకు మొగుడున్నడానే?" అని పెద్దమ్మ అడిగేసరికి వాళ్లు నవ్వి పనిలో పడ్డారు.

పొలాల అంచున వేపచెట్టు కింద మా పోచమ్మ చిన్న గూడులో ఉంటుంది. శ్రవణ్ తలస్నానం చేసి వచ్చి, లొట్టి రెండు చేతులతో ఎత్తి, గూడు చుట్టూ నేల మీద కల్లు ధార పోశాడు. పెద్దమ్మ వాడి వెనకే నడుస్తూ, "తల్లీ, సల్లగ చూడు" అంటూ వేపకొమ్మ ఊపింది. కోడి కోశారు. మూడు రాళ్లు పెట్టి అక్కడే వండారు. అంతా బాగానే జరిగిపోయేది. కానీ పెద్దమ్మ దొప్ప నింపి వాడి ముందుకు చాపింది.

"వద్దు పెద్దమ్మా. నేను బంద్ చేసిన కదా."

"మందు బంద్ చెయ్యి. ఇది మందా? తల్లికి పోసినంక మిగిలింది. మొక్కిందే నీ కోసమాయె, నువ్వే ముట్టకపోతే ఎట్లరా?"

"కౌన్సెలింగుల సార్ ఏం చెప్పిండు? నువ్వు గూడ ఉన్నవ్ గద."

"ఆ సారు సీసల సంగతి చెప్పిండు కొడుకా. పోచమ్మ సంగతి ఆ సారుకేం ఎరుక?"

చుట్టూ ఉన్నవాళ్లు తలా ఒక మాట అన్నారు. మొక్కు కల్లు ఎంగిలి చేయకుంటే కీడు అని ఒకరు, ఇంత చదివినా ఇంత భయమా అని ఒకరు. బాపు అప్పటికే మంచి ఊపు మీద ఉన్నాడు. "ఒక్క దొప్పకు ఏమైతదిరా? నువ్వేమన్న బండి తోల్తున్నవా, పట్నం పోతున్నవా?" అన్నాడు. ఇంటి దగ్గర ఉన్నవాణ్ని ఎవడొచ్చి పట్టుకుంటాడు, నాకూ అలాగే అనిపించింది. శ్రవణ్ పెద్దమ్మ మొహం చూశాడు. ఆమె దొప్ప పట్టుకుని అలాగే నిలబడి ఉంది, చెయ్యి నొప్పి పుట్టినా దించే రకం కాదు. వాడు తాగాడు. "ఒంటిది పొయ్యొద్దు" అని ఆమె వెంటనే ఇంకోటి పోసింది. అది కూడా తాగాడు.

పొద్దు వాలుతుండగా సామాను సర్దుతున్నాం. పొయ్యి రాళ్లు తర్వాత తీయొచ్చు కదా అంటే పెద్దమ్మ వినదు. రెండో రాయి ఎత్తిందో లేదో, "అమ్మా" అంది. రాయి కింద నుంచి ఎర్రటి తేలు ఒకటి గడ్డిలోకి పోవడం నేను చూశాను. బాపు చెప్పుతో దాన్ని నలిపేశాడు. ఎవరో ఉల్లిగడ్డ రుద్దారు. ఎవరో కొంగు చింపి మణికట్టుకు కట్టారు. పెద్దమ్మ, "ఏం గాదు, ఏం గాదు" అంటూనే రెండు గిన్నెలు ఎత్తి గంపలో పెట్టింది. తర్వాత మెల్లగా వేపచెట్టు మొదట్లో కూర్చుంది.

పెద్దమ్మ కూర్చుంది.

మొహమంతా చెమటలు పట్టాయి. ఒళ్లు చల్లబడుతోంది. పెదాలు వణుకుతున్నాయి. అంబులెన్సుకు ఫోన్ చేశాను. అది ఇంకో యాక్సిడెంటు మీద దూరం పోయిందట, వస్తుంది కానీ టైం పడుతుంది అన్నారు. ఆటో ఉన్న రామన్న నిలబడలేని స్థితిలో ఉన్నాడు. బాపు సంగతి చెప్పక్కర్లేదు. నాకు గేర్ల బండి రాదు. కారున్నవాళ్లకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. నేను కాలు కాలిన పిల్లిలా రోడ్డు దాకా పరిగెత్తి, మళ్లీ వెనక్కి వచ్చాను. వచ్చేసరికి శ్రవణ్ కొట్టంలోంచి బైక్ తోసుకుని వస్తున్నాడు. టార్పాలిన్ తాడు ఇంకా హ్యాండిల్‌కు వేలాడుతోంది.

"నువ్వు తోలొద్దురా" అన్నాను.

"ఇంకెవరు తోల్తరక్కా? చెప్పు. ఎవరు తోల్తరు?"

పెద్దమ్మను మధ్యలో కూర్చోబెట్టి, వెనక నేనెక్కి రెండు చేతులతో ఆమెను వాడి వీపుకు అదిమి పట్టుకున్నాను. ఆ సాయంత్రం మళ్లీ వచ్చినా నేను మళ్లీ ఎక్కుతాను. ఈ మాట వకీలుకూ చెప్పాను, మా బాపుకూ చెప్పాను.

చేవెళ్ల దవాఖానకు పోయే రోడ్డు మీద పోలీసులు అడ్డాలు పెట్టి ఉన్నారు. ఫాంహౌస్‌లలో పార్టీలు చేసుకుని వచ్చే సిటీ కార్ల కోసం ఆదివారాలు పెట్టే చెకింగ్ అది. మా ముందు ఆగిన కారులోంచి సెంటు వాసన గుప్పుమంటోంది. శ్రవణ్ పక్కనుంచి తప్పించుకుని పోవచ్చు, దారి ఉంది. కానీ ఆపాడు. "సార్, తేలు కుట్టింది, మా పెద్దమ్మకు. జర జల్ది పోనియ్యిండ్రి" అన్నాడు. నోరు తెరవగానే కానిస్టేబుల్‌కు వాసన తగిలింది. ఎస్సై టార్చి వేసి పెద్దమ్మ మొహం చూశాడు. ఒక్క మాట ఎక్కువ మాట్లాడకుండా, "వీళ్లను జీపులో దవాఖానకు తీసుకపొండి, బాబు ఇక్కడుంటడు" అన్నాడు.

జీపు ఎక్కిస్తుంటే పెద్దమ్మ కానిస్టేబుల్ చెయ్యి పట్టుకుంది. పళ్లు కొట్టుకుంటున్నాయి ఆమెకు. "పోసింది నేను బిడ్డా. వాడు వద్దన్నడు. నేనే పోసిన."

"మంచిదవ్వా. ముందైతే దవాఖానకు నడువు" అన్నాడు ఆ కానిస్టేబుల్. వెనక అద్దంలోంచి చూస్తే శ్రవణ్ నోట్లో గొట్టం పెట్టుకుని ఊదుతున్నాడు.

ఇంజెక్షన్లు ఇచ్చారు, సెలైన్ ఎక్కించారు. డాక్టర్ గారు ఇంకొంచెం ఆలస్యమైతే గుండె మీదికి వచ్చేదన్నారు. తెల్లారేసరికి పెద్దమ్మ మంచం దిగి పక్క మంచం దుప్పటి మడత పెడుతోంది. నన్ను చూడగానే, "వాడేడి?" అంది. సంగతి చెప్పాను. లైసెన్సు లేకుండా నడిపాడు, తాగి నడిపాడు, రెండోసారి నడిపాడు. ఆమె మడత పెట్టిన దుప్పటి మళ్లీ విప్పి, మళ్లీ మడత పెట్టింది.

కోర్టు తేదీ వచ్చే దాకా మా ఇంట్లో ఎవరికీ కాలు ఒకచోట నిలవలేదు. నేను ఆఫీసులో స్క్రీను ముందు కూర్చుని ఏం టైపు చేస్తున్నానో నాకే తెలియదు. ఫోను మోగితే ఉలిక్కిపడటం, మోగకపోతే తీసి చూడటం. శ్రవణ్ పుస్తకం తెరిచి ఒకే పేజీ చూస్తూ ఉండేవాడు. అమ్మ అన్నం వడ్డించి మళ్లీ మళ్లీ గిన్నెల మీద మూతలు పెట్టేది. పెద్దమ్మ రాత్రీపగలూ తోటలోనే తిరిగింది. విచ్చుకోని మొగ్గలు కూడా కోసేసింది. సాయిలు గౌడ్ లొట్టి తెస్తే వాకిట్లోనే ఆపి, "మా ఇంటికి బంద్" అంది. ఒక మధ్యాహ్నం పోచమ్మ గూడు ముందు నిలబడి కొంగు నడుముకు దోపి గట్టిగా కొట్లాడుతుంటే మా అమ్మ వెళ్లి తీసుకొచ్చింది. "వానికి పొయ్యమంటివా తల్లీ? అడిగినవా నువ్వు? అడగకపోతివి, నేను పోస్తి!" అంటోందట.

వకీలు చేవెళ్లలోనే ఉంటాడు, తెలిసినవాడు. కాగితాలన్నీ చూసి ఒక దారి చెప్పాడు. "తేలు కుట్టిన సంగతికి డాక్టర్ చిట్టీ ఉన్నది, అది బలం. ఇంకోటి, నీ ఇష్టంతోని తాగలే అని చెప్పు. మొక్కు పేరు మీద పెద్దమ్మ బలవంతంగ పోసిందని చెప్పు. ఆమె గూడ ఒప్పుకుంటున్నది గద. జడ్జిగారు దయగల్లోడు, జైలు తప్పిస్తడేమో."

పెద్దమ్మ వెంటనే, "చెప్తడు సారూ. నేను గూడ చెప్త. నిజమే గదా" అంది. శ్రవణ్ నేల చూస్తూ ఉన్నాడు. ఇంటికి వచ్చే దారిలో నన్ను ఆపి అడిగాడు. "అక్కా, ఇరవై ఒక్కటి నిండనోనికి పోసినా తప్పే అన్నడు కదా ఆ సార్. నాకింక నిండలే. పెద్దమ్మ పోసిందని నేను చెప్తే ఆమె మీద కేసు పెడ్తరా?" నాకు తెలియదని చెప్పాను. నిజంగానే తెలియదు. వకీలును అడుగుదాం అన్నాను. "ఆయన నా వకీలు అక్కా. ఆమె వకీలు కాదు" అన్నాడు.

కోర్టు హాలు చిన్నది. ఫ్యాను చప్పుడు ఎక్కువ, గాలి తక్కువ. బంట్రోతు పెద్దమ్మను, "కూసో అవ్వా" అని ఎన్నిసార్లు కూర్చోబెట్టినా మళ్లీ లేచి నిలబడుతోంది. శ్రవణ్ పేరు పిలిచారు. జడ్జిగారు వాణ్ని గుర్తుపట్టారు.

డాక్టర్ చిట్టీ చదివారు. వకీలు మొక్కు సంగతి, ఇంట్లో పెద్దల బలవంతం సంగతి చెప్పాడు. జడ్జిగారు శ్రవణ్ వైపు తిరిగి, "నిజమేనా? ఎవరైనా బలవంతంగా తాగించారా?" అని అడిగారు.

"లేదు సార్" అన్నాడు శ్రవణ్. "ఎవ్వరు పొయ్యలే. నేనే తాగిన."

వకీలు చేతిలో కాగితాలు కింద పెట్టేశాడు.

"అబద్ధం!" అంది పెద్దమ్మ వెనక నుంచి. హాలంతా తిరిగి చూసింది. బంట్రోతు చెయ్యి పట్టుకుంటే విదిలించుకుని ముందుకు వచ్చింది. "అబద్ధమాడుతున్నడు సారూ. వాడు వద్దన్నడు. నేనే పోసిన, రెండు దొప్పలు. ఒకటి చాలదని రెండోది గూడ పోసిన. జైలేదో నాకు ఎయ్యిండ్రి."

జడ్జిగారు ఆమెను కసరలేదు. ఆ మాట చెప్పుకోవాలి. మళ్లీ శ్రవణ్‌ను అడిగారు. "అవ్వ చెప్పేది నిజమా?"

నేను వెనక నుంచి వాణ్నే చూస్తున్నాను. నిజం చెప్పరా, నిజం చెప్పు అని లోపల అరుస్తున్నాను. "లేదు సార్. నా మీద ప్రేమతోని చెప్తున్నది" అన్నాడు.

"అవ్వా" అన్నారు జడ్జిగారు, "ఎవరు పోశారన్నది ఈ కేసులో లేదు. బండి ఎవరు నడిపారన్నదే కేసు. ఆ బండి మీద నీ ప్రాణం నిలబడింది, అది కూడా నాకు తెలుసు. కానీ అదే రోడ్డు మీద ఇంకొకరి ప్రాణం పోయి ఉంటే ఏమనేవాళ్లం?" తీర్పు చెప్పారు. ప్రాణాపాయంలో తీసుకెళ్లాడు కాబట్టి శిక్ష తగ్గిస్తున్నానన్నారు. రెండు రోజులు జైలు. లైసెన్సు రద్దు. బయటికి వచ్చాక ఒక రోజు చేవెళ్ల చౌరస్తాలో ట్రాఫిక్ పోలీసుల పక్కన బోర్డు పట్టుకుని నిలబడాలి.

రెండు రోజులంటే ఎంతో కాదు అని బయట ఎవరో అన్నారు. కొట్టాలన్నంత కోపం వచ్చింది నాకు. రెండు రోజులైనా రెండేళ్లయినా ఆ కంపెనీకి జైలు జైలే. అలాగే అయింది. హెచ్.ఆర్. అమ్మాయి ఫోన్‌లో చాలా మర్యాదగా మాట్లాడింది. తనకు బాధగా ఉందంది. రూలు మాత్రం రూలే అంది. ఆ తర్వాత రెండేళ్లు వాడు అమీర్‌పేటలో కోర్సులు చేసి, ఎన్ని కంపెనీల మెట్లో ఎక్కి దిగి, చివరికి ఒక చిన్న కంపెనీలో కుదురుకున్నాడు. ఆ రోజు మాత్రం ఫోను పెట్టేశాక నేను బాత్రూంలోకి వెళ్లి నల్లా తిప్పి ఏడ్చాను.

పెద్దమ్మకు వాడి మీద జాలి కలగలేదు. కోపం వచ్చింది. జైలు నుంచి ఇంటికి వచ్చినవాడికి నీళ్లు పోసి, అన్నం పెట్టి, ఒక్క మాట మాట్లాడలేదు. వాడు కాళ్ల దగ్గర కూర్చుంటే కాళ్లు వెనక్కి లాక్కుంది. నేను కలగజేసుకుంటే నా మీద పడింది. "నా నోట్లె ఉన్న నిజాన్ని అంతమంది ముందల అబద్ధం చేసిండే వాడు. నాకు పడాల్సిన దెబ్బ తాను తిన్నడు. నన్ను ఎటు గాకుంట చేసిండు" అంది. వాడు నవ్వబోయి ఆగిపోయాడు. ఆమె కళ్లలో నీళ్లు అప్పుడు చూశాం.

చౌరస్తా రోజు నేను సెలవు పెట్టి వెళ్లాను. శ్రవణ్ ట్రాఫిక్ కానిస్టేబుల్ పక్కన ఎండలో నిలబడి ఉన్నాడు. చేతుల్లో వాడి ఒంటి కంటే వెడల్పు బోర్డు. గాలికి అది అటూ ఇటూ తిరిగిపోతుంటే వాడు లాగి పట్టుకుంటున్నాడు. కాలేజీ బస్సులు వాడి ముందు నుంచే పోయాయి. కిటికీల్లోంచి ఎవరో వాడి పేరు పిలిచారు. వాడు తల దించుకోలేదు కానీ చెవులు ఎర్రబడ్డాయి. నేను రోడ్డుకు ఇవతల కిరాణా కొట్టు ముందు అటూ ఇటూ తిరుగుతున్నాను. వచ్చి ఏం చేయాలో తెలియదు, పోబుద్ధి కాదు.

పన్నెండు దాటాక మెహిదీపట్నం బస్సు ఆగింది. పెద్దమ్మ ఖాళీ పూలగంపతో దిగింది. ఆమె దిగాల్సింది మా ఊరి స్టేజీలో. అది దాటి ఇక్కడి దాకా వచ్చింది. నేరుగా వాడి దగ్గరికి పోయి, బోర్డును కిందినుంచి పైకి చూసింది. ఆమెకు చదువు రాదు.

"ఏం రాసిన్రురా దీని మీద?"

కోర్టు తర్వాత ఆమె వాడితో మాట్లాడిన మొదటి మాట అది. వాడు గొంతు సవరించుకున్నాడు. "తాగి బండి నడపకండి, జైలుకు పోకండి అని."

"గంతేనా?"

"గంతే పెద్దమ్మా."

"పోసినోళ్ల మాట యాడ రాసిన్రు?"

వాడు బోర్డు వైపు చూశాడు, ఆ మాట నిజంగా ఎక్కడైనా ఉందేమో అన్నట్టు. పెద్దమ్మ గంప కింద పెట్టింది. కొంగు నెత్తిన కప్పుకుంది. బోర్డు ఇంకో కొస రెండు చేతులతో పట్టుకుంది. గాలికి తిరగడం ఆగింది.

పరిచయమున్న ఒకామె బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏందే అంతమ్మా, పిల్లగాడు నిలబడితే నిలబడె, నీకేమైందే?" అని అరిచింది. "పోసింది నేనే!" అని పెద్దమ్మ అంతకంటే గట్టిగా అరిచింది. బస్సులో కొందరు నవ్వారు. కొందరు నవ్వలేదు. నేను కిరాణా కొట్టు ముందు నిలబడి కళ్లు తుడుచుకుంటుంటే కొట్టు ఆయన ఏం అడగకుండా మంచినీళ్ల గ్లాసు ఇచ్చాడు.

కానిస్టేబుల్‌కు ఏం చేయాలో తోచలేదు. అటూ ఇటూ చూసి, టోపీ సర్దుకుని, దగ్గరికి వచ్చాడు. "అవ్వా, శిక్ష ఆ పిల్లగానికి. నీకు లేదు. ఎండ మస్తుగున్నది, పోయి ఆ నీడకు కూసో."

పెద్దమ్మ బోర్డు వదల్లేదు. "నాకు కూసునుడు రాదు బిడ్డా" అంది.